ఆటపెట్టెలో అమ్మీ

కల్వకుర్తి,
14 జులై 2022, గురువారం.

చెల్లె మిస్బాకు,

దివాకర్ అన్న సలాం, దీవెనలు. మీ ఇంటాయనను అడిగినట్టు చెప్పు. పాపకు నా ముద్దులు. ఇక్కడ మేమంతా బాగున్నామని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. రమ, పిల్లలు నిజంగానే బాగున్నారు. వారం నుంచి ముసురు వదలడం లేదు. దుకాణంలో వాచీలన్నిటికీ చెమ్మ పట్టి అద్దాలు మసకబారాయి. ఆలేరులో కూడా ఇదే వాన అని పేపర్లో చూశాను. పాపను తడవనీయకు.

నీ ఉత్తరం చేరి పదకొండు రోజులైంది. చేతిలో ఫోన్ ఉండి కూడా ఉత్తరం రాశావంటే, మాట్లాడితే పూర్తిగా చెప్పలేనని రాశావని అర్థమైంది. రెండు సంగతులు రాశావు. ఏప్రిల్‌లో మీ అన్న ఖలీద్ బర్సీకి, పోయి ఏడాదైన దినానికి, కావాలనే రాలేదన్నావు. ఇరవై ఏళ్ళు అమ్మీని డబ్బాలో దాచి, నాకొక్కసారైనా చూపించకుండా, ఆ డబ్బాలోనే పోగొట్టిన మనిషి పేరు మీద ఫాతెహా చదవడానికి నాకు నోరు రాదన్నావు. రెండోది, మీరు మా ఇంట్లో తిని పెరిగారు కదా అన్నా, అమ్మీ మొహం ఎట్లా ఉండేదో మీకు తెలిసినంత రాయండి అన్నావు.

మొదటిదానికి జవాబు రాయబోయి నాలుగు కాగితాలు చించాను. రెండోది మొదలుపెడతాను.

నీకు సగం సగం తెలిసిన కథే, మొదటి నుంచి చెప్తాను. మీ అబ్బా సర్దార్ చాచా జెడ్డాలో బండి నడిపేవాడు. ఆ యజమాని పిల్లలు ఆడి ఆడి వదిలేసిన గేమ్‌బాయ్ ఒకటి 2000లో ఖలీద్‌కు తెచ్చిచ్చాడు. చేతిలో పట్టుకుని ఆడే బూడిదరంగు పెట్టె. దాని నెత్తిన బిగించే కెమెరా ఒకటి వేరే వచ్చింది. నిమ్మకాయంత గుండు, గుండు మధ్యలో కన్ను. కావాలంటే ఎదుటివాళ్ళ వైపు, కావాలంటే మన వైపు తిప్పుకోవచ్చు. అందులో ముప్పై బొమ్మలు పట్టేవి. రంగులు ఉండవు. సుద్ద తెలుపు, బొగ్గు నలుపు, మధ్యలో రెండు బూడిదలు, అంతే. మనిషి మొహం ముగ్గు చుక్కలు కలిపినట్టు పడేది. మేమిద్దరం అప్పుడు పదో తరగతి. ఆ ముప్పైలో సగం నేను నాలుక బయటపెట్టినవే.

అమ్మీ ఫోటోలు దిగదు. అది ఆమె పట్టింపు. ఎవరినీ దిగవద్దనలేదు, తను మాత్రం దిగలేదు. మీ మేనత్త పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ అటు తిరిగేసరికి గిన్నె పట్టుకుని వంటింట్లోకి నడిచిందట. అందుకే ఆమె ఫోటో మీ ఇంట్లో ఒక్కటీ లేదు, బంధువుల ఇళ్ళల్లోనూ లేదు.

ఖలీద్ ఊరుకునే రకమా? ఒక పొద్దున ఆ పెట్టె పట్టుకుని ఆమె ఎదుట కూర్చున్నాడు. ఇది ఫోటో కాదమ్మీ, ఆట అన్నాడు. ఆమె వాడిని నమ్మలేదు. నా వైపు తిరిగి, "నిజం చెప్పు బేటా, గిది ఆటనేనా?" అని అడిగింది. ఆటనే అమ్మీ అని నేను సాక్ష్యం చెప్పాను. మీ ఇంట్లో నేను ఆడిన మొదటి అబద్ధం అది. "ఆటైతే జల్దీ ఆడుండ్రి, పొయ్యి మీద పాలున్నయ్" అన్నది. ఖలీద్ బటన్ నొక్కాడు. తెర చూపిస్తే, "గీ చుక్కలల్ల నేనెక్కడున్న?" అని నవ్వింది. అట్లా ఒకే ఒక్కటి పడింది.

ఇప్పుడు ఆ మొహం చెప్తాను. జాగ్రత్తగా చదువు, నాకు ఇంతకంటే బాగా రాయడం రాదు.

కోల మొహం. నుదురు చిన్నది. కొంగు తల మీది నుంచి ఉంది, ఎడమవైపు కొంచెం జారి చెవి కింది సగం బయటపడింది. కనుబొమ్మలు దట్టంగా, ముక్కు పైన కలిసీ కలవనట్టున్నాయి. కళ్ళు కెమెరాను చూడటం లేదు, కుడి పక్కకు, పొయ్యి మీది పాల వైపు ఉన్నాయి. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవిని పంటితో పట్టుకుంది. ఆగలేదు, కుడి చెంప మీద గుంట పడింది. వెనక కిటికీ కమ్మీలు మూడు. ఒళ్ళో నువ్వు. నీకప్పుడు ఆరు నెలలు. నీ మొహం కింది సగమే పడింది, పైన సగం ఆమె చేయి అడ్డమొచ్చింది. నీ పిడికిలిలో ఆమె కొంగు అంచు ఉంది. నాలుగు వేళ్ళే కనబడతాయి, బొటనవేలు లోపల పెట్టి ముడిచావు.

తర్వాత రెండు నెలలకే జ్వరం వచ్చింది. మూడు రోజులు. మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి వెనక్కి వచ్చింది ఆమె కాదు.

ఖలీద్ ఆ పెట్టెను అమ్మీ దుపట్టాలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. పెన్సిల్ సెల్లులు లోపలే వదిలేశాడు, అవి కారి పెట్టె పనిచేయడం మానేసింది. మీ అబ్బా పోయాక టైలర్ షాపు పెట్టినప్పుడు, నీ చదువప్పుడు, నీ నిఖా కుదిరినప్పుడు, ఎన్నిసార్లో నా దుకాణానికి వచ్చి దాని సంగతి ఎత్తేవాడు. తేరా చూద్దాం అంటే, "ఇప్పుడొద్దులే" అనేవాడు. దాచుకోవడం ఎందుకు, నా మనసులో మాట రాస్తున్నాను, నాకు కష్టంగా ఉండేది. కల్వకుర్తిలో ఆగిన వాచీ ఏదైనా నా దగ్గరికి రావాల్సిందే. చిన్ననాటి దోస్తుకే నా చేతి మీద నమ్మకం లేదా అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది కరోనా వాడిని తీసుకుపోయింది. మొన్న మార్చిలో నువ్వు ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టావు. ముడి కూడా విప్పలేదన్నా, మీరే విప్పండి, అమ్మీని చూపించండి అన్నావు. రెండు రోజుల తర్వాత నేను ఫోన్ చేసి చెప్పింది నీకు గుర్తుండే ఉంటుంది. కెమెరా లోపల బొమ్మలను నిలిపి ఉంచే సెల్లు ఒకటి ఉంటుందని, అది నా దగ్గరికి వచ్చేసరికే చచ్చిపోయిందని, బొమ్మలన్నీ చెరిగిపోయాయని చెప్పాను. రెండు మూడేళ్ళ ముందు తెచ్చి ఉంటే దొరికేవా అని అడిగావు. దొరికేవి అన్నాను. ఆ తర్వాత ఫోన్లో నాకు పాప ఏడుపు మాత్రమే వినబడింది.

మిస్బా, ఖలీద్ మీద కోపం పెట్టుకోకు. పాలసీసా ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని నిన్ను పెంచాడు వాడు. పదహారేళ్ళకే తల్లి అయ్యాడు. భయంతో దాచుకున్నాడో, బాధతో దాచుకున్నాడో, మనకేం తెలుసు? వచ్చే బర్సీకైనా రా. పెద్దవాణ్ణి, చెప్తున్నాను.

ఇంతకన్నా రాయడానికి చేయి రావడం లేదు. డబ్బా నా దగ్గరే భద్రంగా ఉంది, నువ్వు వచ్చినప్పుడు ఇస్తాను.

నీ మేలు కోరే అన్న,
దివాకర్.

తా.క.: ఈ ఉత్తరం కవరులో పెట్టి, అతికించి, పోస్టాఫీసు మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాను. కవరు చించి ఇది రాస్తున్నాను.

పైన అమ్మీ మొహం గురించి రాసింది ఇంకోసారి చదువు. పసిపిల్ల పిడికిలిలో నాలుగు వేళ్ళే కనబడ్డాయని ఇరవై ఒక్క ఏళ్ళు ఎవరికి గుర్తుంటుంది? నాకూ గుర్తు లేదు. అది చూసి రాసింది. మార్చి 8, మంగళవారం, పొద్దున పదకొండింటికి చూశాను.

ఆ సెల్లు చావలేదు మిస్బా. గేమ్‌బాయ్ లోపల తుప్పు గీకి, తెగిన తీగ అతికించి, కొత్త పెన్సిల్ సెల్లులు వేస్తే తెర వెలిగింది. ముప్పై బొమ్మలూ ఉన్నాయి. నా నాలుక, మీ మేక, మా నాయిన గోడ గడియారం, ఇరవై రెండోది అమ్మీ. బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఫోన్‌తో తెరను ఫోటో తీద్దామని జేబులోంచి తీశాను కూడా. అమ్మీ ఫోటోకు ఒప్పుకోదు కదా అని మళ్ళీ పెట్టేసుకున్నాను. ఒకసారి అబద్ధం చెప్పి దింపాను, మళ్ళీ వద్దనుకున్నాను. ముందు నువ్వే చూడాలనుకున్నాను.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నా పనితనం చూపించాలనిపించింది. ఇంకో ఇరవై ఏళ్ళు నీ మనవల దాకా నిలవాలని కెమెరా విప్పాను. లోపల బటన్ సెల్లు కనబడింది. పాత సెల్లు లోపల ఉంచొద్దు, కారి మిషన్‌ను తింటుంది అని మా నాయిన నాకు నేర్పిన మొదటి పాఠం. ఎన్ని వేల సెల్లులు మార్చానో లెక్క లేదు. మా పనిలో సెల్లు తీస్తే పోయేది టైము ఒక్కటే, దాన్ని మళ్ళీ పెట్టుకోవచ్చు. అట్లాగే అనుకుని తీశాను. కొత్తది అతికించి బిగించి బటన్ నొక్కితే ముప్పై ఖాళీ గళ్ళు వచ్చాయి. తీసిన సెల్లును మీటరు మీద పెట్టి చూశాను. ఇంకా ప్రాణం ఉంది.

మీ ఇంటివాళ్ళతో నేను ఆడిన రెండో అబద్ధం ఆ ఫోన్. మూడేళ్ళ ముందు తెస్తే దొరికేవని అన్నప్పుడు, నా తప్పు నోరు లేని ఖలీద్ మీదికి నెడుతున్నానని తెలిసే అన్నాను.

వాడు ఎందుకు నన్ను ముట్టుకోనివ్వలేదో నాకు ఆ సాయంత్రమే తెలిసింది. పెట్టెను మళ్ళీ చుడదామని అమ్మీ దుపట్టా దులిపితే మడతలోంచి ఒక కాగితం పడింది. పొద్దున తొందరలో గుడ్డ విప్పి పక్కకు పడేశాను, చూసుకోలేదు. టైలర్ షాపు చీటీ అది. ఒకవైపు ఎవరిదో చొక్కా కొలత, 2021 ఏప్రిల్ 26 తేదీ. వాడు దవాఖానకు పోయే ముందు రోజు. రెండోవైపు ఖలీద్ రాత. నాలుగు నెలలుగా నా గల్లాపెట్టెలో దాచుకున్నాను. ఇప్పుడు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, ఇది నీది. నన్ను క్షమించమని అడగను. ఫాతెహా మాత్రం వాడికి బాకీ పెట్టకు.

తడిస్తే అక్షరాలు పోతాయని ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను:

"దివాకర్, తెర ఒక్కటే బాగు చెయ్యి. లోపల బటన్ సెల్లుంటది, అది తియ్యకుర. తీస్తే అమ్మీ పోతది. మిస్బా ఇంకా సూడలే."