పెన్సిల్‌తో దిద్దిన కోయిల

చెన్నై,
ఫిబ్రవరి 9

నాయనకు, నీ మెహతాబ్ సలాములు.

ఫోన్ చేయకుండా కాగితం పట్టుకుందేమిటా అని అమ్మ కంగారు పడుతుంది. ఒంట్లో బాగానే ఉందని చెప్పు. ఫోన్లో నీ గొంతు వింటే ఈ సంగతి చెప్పలేను, అందుకే రాస్తున్నాను. ముందు మంచి రాస్తాను, చెడు ఎటూ తప్పదు.

ఈ ఆర్కెస్ట్రాలో చేరి మూడు నెలలైంది. ఇప్పుడు అరవై మందిమి కలిసి సాధన చేస్తున్నది రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో రాసిన ఒక సింఫనీ. పాట లేదు, మాట లేదు, ముప్పావుగంట వాద్యాలే. కానీ నాయనా, అదంతా అడవే. దాన్ని రాసినాయన రోజూ చెట్లలో తిరిగి, చెవిన పడిందల్లా జేబులో పుస్తకంలో రాసుకునేవాడట. ఆ కాలంలో అక్కడ చాలామందికి అదే పిచ్చి. కొండెక్కి దిగి ఆ కొండ మీద సంగీతం రాసేవారు. వాళ్ల పాటలూ అంతే. మొన్న ఇక్కడ ఒకామె పాడింది. గొంతులో మనసు విరిగిన మనిషి గోడు, కింద పియానో మీద వేళ్లలో వాగు. ఆ మనిషి ఎంత ఏడ్చినా వాగు తన దారిన తాను పోతూనే ఉంది. విని నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సింఫనీలో వాన వచ్చే చోటు నువ్వు తప్పకుండా వినాలి. మనిషంత ఎత్తు వయొలిన్లుంటాయి, నిలబడి వాయిస్తారు. అవి అడుగున గురగురమంటుంటే నల్లమల మీద మబ్బు కమ్మి ఉరుము దొర్లుకుంటూ రావడం గుర్తొచ్చి, నా వంతు వచ్చినా క్లారినెట్ ఎత్తడం మరిచిపోయాను. రికార్డింగ్ నీ ఫోన్‌కు పంపాను.

ఇక నా నిర్వాకం. ఒకచోట అందరూ ఆగిపోతారు, క్లారినెట్ ఒక్కటే కోయిలలాగా పలకాలి. రెండే స్వరాలు. కాగితంలో చూస్తే పైనుంచి కిందికి దిగుతున్నాయి. కోయిల ఎక్కడైనా దిగుతుందా? ఊళ్లో సాధన చేస్తే పక్కింటి శ్రీశైలమ్మ పెద్దమ్మ “ఎవురింట్లో పెండ్లి?” అని అరుస్తుందని నన్ను ప్యాసింజర్లో దిగువమెట్ట అడవికి తీసుకుపోయేవాడివి గదా. కోయిల తిరిగి బదులు పలికేదాకా నన్ను రైలెక్కనిచ్చేవాడివి కాదు. అది ప్రతిసారీ పైపైకే పోయేది. అందుకని అచ్చుతప్పనుకుని, స్వరాలను పెన్సిల్‌తో దిద్దేశాను. అందరి ముందూ అట్లాగే వాయించాను. హాలంతా నవ్వారు.

కండక్టరుగారు నవ్వలేదు. బస్సు కండక్టరు కాదు, చేతిలో పుల్ల పట్టుకుని అందర్నీ నడిపించే పెద్దాయన. వాళ్ల దేశపు పిట్ట వేరు, అది కిందికే దిగుతుంది అని ఓపికగా చెప్పారు. చెప్పి, ఊపిరి మాత్రం ఇంత నిలకడగా ఎవరు నేర్పారని అడిగారు. నవ్వినవాళ్లందరూ నావైపే చూస్తున్నారు. బెంగళూరులో ఒక పెద్ద మాస్టారని చెప్పాను. పెళ్లి ఊరేగింపులో జనరేటరు బండి ముందు నడిచే బ్యాండు మేళం జహంగీర్ అని చెప్పడానికి నోరు రాలేదు నాయనా. రాసింది మళ్లీ చదవకుండా కాగితం తిప్పేశాను.

ఇరవై మూడున కచేరీ. ఆ బెంగళూరు మాస్టారిని తప్పకుండా పిలవమని కండక్టరుగారు రోజూ అడుగుతున్నారు. ఎవర్ని తేను? నిజం చెప్పే ధైర్యం లేదు, ఇంకో అబద్ధమాడే ఓపిక లేదు. ఆర్కెస్ట్రా మానేసి ఇరవైకి గిద్దలూరు వచ్చేస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు.

నీ పేరు దాచుకున్న నీ కూతురు,
మెహతాబ్

గిద్దలూరు,
ఫిబ్రవరి 15

మెహతాబమ్మకు నాయన దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అమ్మ బాషాబీ ఏడ్చి, పొయ్యి మీద పాలు పొంగబెట్టింది. నేను ఏడవలేదు గానీ బాధపడ్డాను, ఆ మాట దాచను. ముప్పై ఏళ్లు ఊది పెదవి కాయకాసింది. రెండు రోజులు పెట్టెలోంచి క్లారినెట్ తీయలేదు.

మూడో రోజు ఆ సింఫనీని ఫోన్లో పెట్టుకుని దిగువమెట్ట పోయాను. తేనె కొట్టే అంకన్న నీకు గుర్తే గదా. గట్టు మీద కూర్చుని ఇద్దరం విన్నాం. పుట్టిన కాడినుంచి అంకన్న ఇట్లాంటిది విని ఉండడు. సగంలో చెయ్యెత్తి ఆపమన్నాడు.

“జాంగీరూ, వాన వచ్చే ముందర గాలి నిలబడిపోద్ది చూడు. ఆ నిలబడేది గూడ పెట్టినాడే ఈయన. ఏ ఊరాయన?”

“జర్మనీ అంట అన్నా. పోయి శానా ఏండ్లయింది.”

“మన అడివికి ఎప్పుడొచ్చిపోయినాడో మరి.”

పిట్ట వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాడు. “ఇది మన కోయిల గాదు, నాకు తెల్దు. కానీ ఆయప్ప బాగా చెవి పెట్టినాడు. పలికి, ఆగి, మళ్ల పలుకుతాది చూడు. ఎదురుగా కూసోని ఇంటేనే ఆ ఆగేది తెలిసేది.” నీ పెన్సిల్ సంగతి చెబితే కాసేపు నవ్వి, “పరాయోళ్ల అడివిలో పిట్టను మనం దిద్దగూడదని చెప్పు అమ్మికి” అన్నాడు.

నాకప్పుడు సిగ్గేసింది, నా గురించి. నన్నెవరడిగినా మార్కాపురం బ్యాండు మాస్టారు నేర్పాడని చెప్పాను. నీకూ అదే చెప్పాను. ఆయన ఆరు నెలలు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు, అంతే. ఊపిరి పట్టడం, వదలడం, పిట్ట నమ్మేదాకా పలకడం, ఇదంతా వెదురు గొట్టంతో అంకన్న నేర్పాడు. తేనె కొట్టే మనిషి నా గురువంటే మేళంలో నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఇక నీ మీద కోపం ఎట్లా నిలుస్తుంది? నా గుణమే నీకు వచ్చింది.

ఆ గట్టు మీదే అంకన్నకు చెప్పేశాను. “తెలుసులే. పెండ్లిండ్లల్లో నువ్వు చెప్పుకునేది ఇన్నా” అన్నాడు. చుట్ట ముట్టించుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు రావద్దు. పెన్సిల్ గీతలు చెరిపేసి, ఆయన రాసిన పిట్టను ఆయన రాసినట్టే పలికించు. శనివారం గుంటూరు పోయి మద్రాసు రైలెక్కుతున్నాం, అంకన్నా నేనూ. హాల్లో చుట్ట తాగనివ్వరంటే బయటే తాగి వస్తానన్నాడు. కండక్టరుగారు నీ గురువెవరని అడిగితే నన్ను చూపించు. నా గురువెవరని ఆయన అడగకపోయినా నేను అంకన్నను చూపిస్తాను.

నీ నాయన,
జహంగీర్