సీసా మూతికి సాంచె నూలు

జగిత్యాల

బాపూ, నీ అల్లుడు ఇంటికొచ్చిండు. దెబ్బలేం తాకలేదు, నిమ్మలంగ ఉండు. నీ ఫోను కలుస్తలేదని కార్డు రాస్తున్న.

అద్దాలు తుడిచే బజారు మందు వాసనకు చిన్నదానికి ఆయాసం వస్తుందని నేనే ఇంట్ల వంటల పోసే పుల్లటి సిర్కాల నీళ్లు, చెంచెడు గంజిపిండి కలిపి సీసాల పోస్తున్న. మూత పోతె, మనింట్ల దీపాల గాసునూనె సీసాకు పెట్టినట్టె, నువ్వు బట్ట నేసే సాంచెల కాడికెల్లి పంపిన వేస్టు నూలు ఉండజుట్టి మూతికి కుక్కిన. నిన్న గా సీసా పట్టుకొని ఆయన ఫోటో స్టూడియో అద్దాలు తుడువ పోతుంటె పోలీసులు ఆపిండ్రు. "బస్సుల సమ్మెల పెట్రోలు సీసా పట్టుకొని తిరుగుతున్నవా? గిది వత్తి గాదా?" అని జీపెక్కించిండ్రు. ఎంత చెప్పినా ఇనలేదట. ఆఖరికి ఠాణాల అందరి ముంగట సగం సీసా గటగట తాగిండు. అప్పుడు ఇడిసిపెట్టిండ్రు.

సీసా ఇచ్చిండ్రు గని నూలు ఉంచుకున్నరు. ఎక్కడిదని అడిగితె భయంల నీ పేరు, సిరిసిల్ల అడ్రసు చెప్పిండు. రాసుకున్నరట. ఎవలన్న వస్తె నువ్వు నోరు తెరువకు, నీ కోపం నాకెరుకే. అవ్వను మాట్లాడనియ్యి. బస్సులు లేవు, ఇటు బయలెల్లకు. అవ్వ మోకాలు నొప్పి ఎట్లుంది? సమ్మె అయినంక మూతున్న సీసాలు రెండు పంపు. నూలు మాత్రం పంపకు.

అవ్వకు, నీకు దండాలు. చిన్నది తాత ఏడని అడుగుతుంది.

నీ బిడ్డ
రజిత

జాగ లేక అంచుకు రాస్తున్న: ఇంట్ల నువ్వు గూడ ఒక సీసా కలిపి పెట్టుకో. వాళ్లొస్తె, ఏం అడుగకముందే ఒక గుక్క తాగు.