అక్క పెట్టుకున్న రంగు

కిరణ్ బావా, ఎలా ఉన్నావు? నీ మెసేజీకి ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. బందర్లో మేమంతా బానే ఉన్నాం. అక్క పోయాక ఆ మాట రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు గానీ, బానే ఉన్నాం. అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?

షాపులో ఊపిరి సలపట్లేదు. వచ్చిన ప్రతివాడికీ కంప్యూటర్లో రంగుల ఫ్యాన్లే కావాలి. పొద్దున్నించీ అవే బిగిస్తున్నాను. స్విచ్చి వేశాక అవి ఒక్కోటీ వెలుగుతుంటే అలా కూర్చుండిపోతున్నాను. అందుకే ఆలస్యం. ఒళ్లు అలిసిపోవడం కాదులే బావా ఇది.

లైట్లు తీసేస్తే నీ కంప్యూటర్లో ఫ్యాన్లు తిరుగుతాయా, అది మళ్లీ వేడెక్కి ఆగిపోదా అని అడిగావు. తిరుగుతాయి. ఒక్కో ఫ్యానుకి రెండు వైర్లుంటాయి, తిరగడానికొకటి, వెలగడానికొకటి. నేను వెలిగేదే పీకాను. వేడిని బట్టి స్పీడు అదే పెంచుకుంటుంది, అదే తగ్గించుకుంటుంది. పెద్ద ఫ్లెక్సీ డిజైన్ చేసేటప్పుడు హోరుమంటే కంగారుపడకు. ఆవేళ ఆగిపోయింది మాత్రం అత్తయ్యగారి దుప్పటి వల్ల. "చావింట్లో ఈ రంగులేంట్రా, చూసేవాళ్లు ఏవనుకుంటారు" అని కప్పేశారు పాపం. ముసుగేస్తే దానికి గాలెక్కడిది? నువ్వేమో అక్క ఫొటోతో ఫ్లెక్సీ చేస్తూ, సగంలో ఉండగా "ఇదీ పోయిందిరా" అని కూలబడ్డావు.

అది కొన్న కొత్తలో నీకూ అక్కకీ గొడవ గుర్తుందా? కోడూరులో మీ ఇంటి ముందు గదిలో నేను బిగిస్తుంటే, "ఇది కంప్యూటరా, తిరనాళ్ల స్టేజీయా?" అన్నావు. అక్క ఊరుకుందా? "మీ మొహంలో ఎలాగూ వెలుగు లేదు, దానికన్నా ఉండనివ్వండి" అంది. ముందు నవ్వింది నువ్వే. నేను బందరొచ్చేశాక కూడా అక్క ఫోన్లో నన్ను వదల్లేదు. "ఇది కాదురా, ఇంకాస్త పసుపు... అబ్బే, చామంతి పువ్వులా ఉండాలి" అంటూ రంగులు మార్చే ఆ రిమోటు నొక్కీ నొక్కీ మొత్తానికి సాధించింది.

ఇప్పుడొక మాట చెప్తాను, తిట్టుకో. పెద్దకర్మ రోజు "ఆ లైటు వైర్లు కత్తిరించి అవతల పారేయరా" అని చెప్పి నువ్వు వీధిలోకి వెళ్లిపోయావు. నేను కత్తిరించలేదు. ఊడదీసి, చుట్టి, దారంతో కట్టి లోపలే వెనక పెట్టాను. లైట్లని నడిపించే చిన్న డబ్బా కూడా అక్కడే ఉంది. రంగు దాంట్లోనే ఉంటుంది బావా. మళ్లీ కలిపిన రోజు అక్క పెట్టుకున్న రంగే వెలుగుతుంది.

ఇవాళే అనట్లేదు. అసలొద్దంటే అలాగే ఉండనీ. కానీ ఏరోజన్నా మనసైతే నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో పిన్ను ఉంటుంది, దాంట్లో కరెంటు ఎక్కువ. తప్పు దాంట్లో పెడితే లైట్లు కాలిపోతాయి, ఇక ఆ రంగు రాదు. నేనొచ్చి కలుపుతాను. షాపు మూసేసి అవనిగడ్డ బస్సెక్కుతాను. ఎప్పుడు రమ్మంటావు బావా?

ఇట్లు,
నీ బావమరిది
ప్రేమ్ సాగర్