తెరవని వీడియో

బావగారికి,

మా క్షేమ సమాచారాలు అక్క చెబుతూనే ఉంటుంది కాబట్టి, నేను కోపం ఒక్కటే రాస్తున్నాను.

మీ కొత్త ఫర్నిచర్ షాపు కోసం తీసిన వీడియో పెద్ద ఫైలు. మెయిల్లో పట్టదు కాబట్టి లింకు పంపాను. "రంగులు వెలిసిపోయాయి" అన్నారు. సరిచేసి పంపాను. "మ్యూజిక్ మరీ నీరసంగా ఉందోయ్" అన్నారు. మార్చాను. మూడోసారి "మొదట్లో ఊపు లేదు" అన్నారు. పైగా అక్కతో, "మీ తమ్ముడికి పని చేతకాదు, సొంత మనిషని ఇచ్చి చచ్చాను" అన్నారట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

లింకు పంపినవాడికి ఆ ఫైలు ఎన్నిసార్లు తెరిచారో కనిపిస్తుంది బావగారూ. మూడింటికీ సున్నా. చూడకుండానే వంకలు పెట్టారు. మీ వడ్రంగి మేస్త్రి చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా లేచిన చెక్క పొట్టుని ఎంత అందంగా తీశానో మీకు తెలియనే తెలియదు.

ఒళ్లు మండి, నాలుగోసారి మా గదిలో ఫ్యాను తిరగడం పావుగంట సేపు తీసి పంపాను. ఐదు నిమిషాల్లో జవాబిచ్చారు. "ఇప్పుడు అదిరింది! నేను మొదట్నుంచీ మొత్తుకున్నది ఇదే. రేపు ప్రారంభోత్సవంలో ఇదే వేయమని మేనేజరుకి చెప్పాను." ఆయన కూడా ఇంకా తెరవలేదు. మీ దగ్గర పనిచేసేవాడే కదా!

అసలు వీడియో ఉన్న పెన్‌డ్రైవు ఈ కవర్లోనే పెట్టి, ఇవాళే మనిషి చేత పంపుతున్నాను. విప్పి చూశారా, సరే. విప్పకుండానే "ఉత్తరం బాగా రాశావోయ్" అన్నారా, రేపు పదింటికి మీ అతిథులందరికీ మా ఫ్యానే గతి.

ఇట్లు,
పని చేతకాని మీ బావమరిది