బల్లి పలికినప్పుడు

హన్మకొండ,
27-3-1983.

అమ్మకు నీ బిడ్డ అనసూయ దండాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మీ అల్లుడూ నేనూ బాగానే ఉన్నాం. బాగానే అంటే వండుకుంటున్నాం, తింటున్నాం, డ్యూటీలకు పోతున్నాం. పరకాలలో నువ్వూ, నీ మనవరాలు శారదా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. జవాబు రాయడం ఆలస్యమైందని కోప్పడకు. రాద్దామని కూర్చోవడం, కాగితం పక్కన పెట్టి లేవడం, వారం రోజులుగా ఇదే పని.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు, మొన్న వచ్చినప్పుడు చెప్పకుండానే పోయాను. ఆయన దగ్గు తగ్గలేదు. మిల్లులో పొద్దంతా దూది దుమ్ము పీల్చేవాడికి దగ్గు ఎక్కడ తగ్గుతుంది? దవాఖానకు పొమ్మంటే "రేపు పోత తియ్యి, ఫికర్ చెయ్యకు" అంటాడు. ఆ రేపు ఏ సంవత్సరంలో వస్తుందో ఆయనకే తెలియాలి. నువ్వు పంపిన చింతపండు అందింది. కాలేజీలో తొండలను కోసి వచ్చినరోజు తలస్నానం చేస్తున్నావా అని అడిగావు. చెయ్యడం లేదమ్మా. ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో అట్లా చేస్తే నా నెత్తి ఎప్పటికీ ఆరదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్నాను. అది నీకు చాలదని తెలుసు.

తొండకు నడినెత్తిన ఇంకో కన్ను ఉంటుందని నేను చెప్పిన మాట నువ్వు పక్కింటి సమ్మమ్మకు చెబితే పడీపడీ నవ్విందని రాశావు. నవ్వనీ. కన్ను ఉన్నమాట నిజం. నెత్తి మీద ఆవగింజంత తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. దాంతో మనిషినీ చెట్టునూ చూడలేదు. ఎండ ఎంత ఉంది, ఇంక నీడకు పోవాలా అన్న సంగతి మాత్రం దానితో తెలుసుకుంటుంది. ముళ్లకంచె మీద తల ఊపుకుంటూ బతికే ప్రాణికి ఒక కన్ను ఎక్కువ. మన పిల్లకు మాత్రం ఉన్న రెండు చెవులూ లేనట్టే. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో ఆ నాలుగు ముక్కలు నాకు నోటికి వచ్చేశాయి. "బిడ్డా, బల్లి పలికింది. నేను నేల తట్టి కృష్ణా కృష్ణా అన్న. పక్కన కూసున్న పిల్ల గూడ తట్టింది. దానికి ఇనబడ్డదే! నువ్వు కోసిన తొండలు, బల్లులు అన్ని నిన్ను మాఫ్ చేసినయి. సమ్మక్కకు దాని నిలువెత్తు బంగారం మొక్కిన. ఇంక ఆ మూగపిల్లల బడి ముచ్చట ఎత్తకు, నేను తోలియ్య."

మెదడు జ్వరం వచ్చి పిల్ల చెవులు పోయిననాటి నుంచీ నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ నా కత్తుల పెట్టె వైపు నువ్వు చూసే చూపు నాకు తెలుసు. ఆ పాపమే పిల్లకు కొట్టిందని నీ మనసులో ఉంది. నేను సైన్సు చదివినదాన్ని, అవన్నీ నమ్మను. నమ్మకుండానే ఎన్ని రాత్రులు ఏడ్చానో నీకు తెలియదు. అందుకే "మాఫ్ చేసినయి" అన్న మాటను పదేపదే చదువుకున్నాను.

నీ ఉత్తరం అందిన రోజు కాలేజీలో నా పిల్లలకు తొండ మెదడు చూపించే ప్రాక్టికల్. నెత్తి మీది ఎముకను కొంచెం కొంచెంగా చిదిపి తీస్తే లోపల మొత్తం మెదడు వడ్లగింజంత ఉంటుంది. ముందువైపు వాసన కోసం రెండు కాడలు, నడుమ చూపు కోసం రెండు గుండ్రటి బుడిపెలు. కళ్ల వెనక గుంటలో సన్నటి పొర, అదే చెవి. పొర వెనక ఒకే ఒక ఎముక పుల్ల, దాని లోపల నీటి గది, అక్కడి నుంచి మెదడుకు నరం. బల్లి అయితే ఇంకా విచిత్రం. దీపానికి అడ్డంగా పట్టుకుంటే ఈ చెవిలో పడిన వెలుగు ఆ చెవిలోంచి కనిపిస్తుంది. ఇంత చిన్న తలకాయలో ఇంత ఏర్పాటు ఉన్నప్పుడు మన శారద తలలో ఎక్కడో ఒక పోగు బతికి ఉండకూడదా అనుకున్నాను. కొన్ని జాతులు దవడను నేలకు ఆనించి నేల అదురును పసిగడతాయని పాఠం చెప్పేదాన్ని నేనే. పిల్ల కూడా నేల మీద కూర్చుని ఉంది కదా, ఎముకల గుండా ఆ పలుకు చేరిందేమో అనుకున్నాను. హైదరాబాదు డాక్టరు నరం చచ్చిపోయింది, మిషను పెట్టినా లాభం లేదని నా ముఖం మీదే చెప్పినా, నీ ఉత్తరాన్ని నమ్మాను. క్లాసు సగంలో వదిలేసి బయటికి వచ్చి నవ్వుకున్నాను. పిల్లలు నన్ను పిచ్చిదనుకొని ఉంటారు.

అందుకే పోయిన ఆదివారం చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చాను. పొద్దుగూకే వేళ మనం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. దూలం సందున బల్లి పలికింది. నువ్వు నేల తట్టావు, సమ్మమ్మ తట్టింది, శారద తట్టింది. "సూసినవా? నీ కండ్లతోని సూసినవా?" అని నువ్వు నా భుజం పట్టి ఊపావు. నీ ముఖం అంత వెలగడం నాయిన పోయాక ఎప్పుడూ చూడలేదు.

తర్వాత సమ్మమ్మ ఇంటికి పోయింది, నువ్వు చాయ్ పెట్టడానికి లోపలికి పోయావు. అప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, కూర్చుని చదువు.

బల్లి మళ్లీ పలికింది, గట్టిగా, తల మీదనే. నేను చెయ్యి కదపలేదు. శారద గింజలు ఏరుకుంటూనే ఉంది. తల కూడా ఎత్తలేదు. కొంచెంసేపటికి ఇంకోసారి పలికింది. అప్పుడూ అంతే. తర్వాత ఏ చప్పుడూ లేనప్పుడు, పలికిన బల్లి కూడా ఎటో పోయాక, నేను వేలితో నేలను మూడుసార్లు తట్టాను. అమ్మా, అది వెంటనే తట్టింది. తట్టి, సరిగ్గా చేశానా అన్నట్టు నా ముఖంలోకి చూసి నవ్వింది.

అప్పుడే నువ్వు గ్లాసులు పట్టుకుని వచ్చావు. "మళ్ల పలికిందా? మళ్ల ఇన్నదా?" అన్నావు. నేను "ఆఁ, ఇన్నదమ్మా" అన్నాను. నీ ముఖంలో ఆ వెలుగు ఇంకా ఉంది. చాయ్ తాగి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

దానికి వినబడదమ్మా. నీ చెయ్యి చూసి తడుతోంది, అంతే. నేను కోసినవాటి పాపం వల్ల పోలేదు, అవి మాఫ్ చేస్తే తిరిగి రాదు. జ్వరంలో ఆ నరం పోయింది. నువ్వు బంగారమని మొక్కిన బెల్లం సమ్మక్కకు ఇచ్చుకో, నేను వద్దనను. కానీ దాని కోసం బడి ఆపకు. పిల్లకు అయిదేళ్లు దాటాయి, ఇంకా ఆలస్యమైతే సైగలు కూడా సరిగ్గా పట్టుబడవని డాక్టరు చెప్పాడు. ఆ బడిలో చేరినంత మాత్రాన అది మనను అమ్మా అని, అమ్మమ్మా అని పిలుస్తుందని నేను అనుకోవడం లేదు. నీకూ ఆశ పెట్టను. ఆకలైతే ఆకలని, నొప్పయితే నొప్పి అని ఎవరికో ఒకరికి చెప్పుకోగలిగితే చాలనుకుంటున్నాను. మనకు చెప్పినా మనకు అర్థం కాదేమో.

ఉగాది మర్నాడు నేనూ మీ అల్లుడూ వస్తాం. బడి తెరిచేదాకా నా దగ్గర ఉంచుకుని సైగలు కొన్ని నేర్పుకుంటాను. దాని బట్టలు మూట కట్టి ఉంచు. నువ్వు ఏడుస్తావు, నన్ను తిడతావు. తిట్టు, పడతాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉత్తరం చదివి, చెయ్యి ఆపుకుని దాన్ని పరీక్ష చెయ్యకు. నేను చూసింది చాలు. మనం ఎందుకు నేల తడతామో దానికి తెలియదు. ఇంట్లో మనుషులు మాట్లాడుకోవడమంటే అదేననుకుంటోంది. నీ చేతినే చూస్తూ కూర్చుంటుంది. నీ దగ్గర ఉన్న ఈ కొన్నాళ్లూ తట్టు. బల్లి పలకకపోయినా తట్టు.

ఇట్లు,
నీ బిడ్డ
అనసూయ.