కొలబద్ద మెట్ల మీద

హాస్టలు గది,
ఏప్రిల్ 18, శుక్రవారం

మామయ్యకు, నీ మేనకోడలు దూరం నుంచే నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అత్తయ్య ఫోనులో అన్నీ చెప్పింది. సోమవారం నిన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. నీ ముక్కు మీద కళ్లజోడు ఆగదు, తాడు కట్టాల్సిందేనని నవ్వింది. ఆ రోజే కొలబద్ద పని ఇక వద్దని ఇంజనీరుగారికి రాసిస్తావని చెప్పి, గొంతు తగ్గించేసింది. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే జలాశయం మెట్లు దిగి కొలబద్ద మీద నీటిమట్టం చూసిన మనిషివి. ఇంట్లో కూర్చుని ఏం చూస్తావు మామయ్యా?

మొన్న క్లాసులో నగరానికి నీళ్లెలా వస్తాయో వ్యాసం రాయమన్నారు. నువ్వు నేర్పిందే రాశాను. జలాశయంలో ఆగిన వాన నీళ్లు తూము తలుపు ఎత్తితే కాలువలోకి దిగుతాయి. కాలువ వాటిని వడపోత తొట్లకు చేరుస్తుంది, అక్కణ్ణుంచి గొట్టాలు వీధివీధికీ మోస్తాయి. వేసవిలో మట్టం బాగా పడిపోతే మోటార్లు పెట్టి తోడాలి. ఎప్పుడు పెట్టాలో ఆఫీసుకు తెలిసేది నీ పుస్తకంలోని అంకె చూసే. టీచరు మెచ్చుకుని, పైకి చదవమన్నారు. నేను పక్కమ్మాయి చేత చదివించాను.

ఆ అంకె తప్పవడం వల్లే కదా మోటార్లు ఒక రోజు ఆలస్యమయ్యాయి! కాలువ సన్నబడింది. మా హాస్టలు గొట్టాల చిట్టచివర ఉంది. రెండు రోజులు కుళాయి బుస్సుమని గాలి వదిలింది. బకెట్లతో లైన్లో నిలబడ్డ అమ్మాయిలు ఈ ఘనకార్యం చేసిన మహానుభావుడెవరోనని తిట్టిపోశారు. నేను ఊరుకోవచ్చు కదా. పాపం పెద్దాయన, చూపు ఆనదు అన్నాను. అవును మామయ్యా, నేనే అన్నాను. అని, నా బకెట్టు ముందుకు జరుపుకున్నాను.

మొన్నటి సెలవుల్లో నువ్వు కింద నుంచి అంకె చదివి చెబితే, నేను పైమెట్టు మీద కూర్చుని పుస్తకంలో రాసేదాన్ని. ఇంజనీరుగారు నిలదీస్తే, రాసింది చదువుకున్న పిల్ల, దాని చేతిలో తప్పు రాదు, నా కళ్లే మోసం చేశాయని చెప్పావట. అత్తయ్య ఎంత గర్వంగా చెప్పిందో! నేను ఫోను పెట్టేశాను. తర్వాత సిగ్నలు పోయిందని బొంకాను.

ఒంట్లో జాగ్రత్త.

ఇట్లు,
నీ నమ్మకానికి తగని
కోడలు

తా.క. సెలవుల ఆఖరి రోజు నువ్వు కింది మెట్టు మీద నుంచి అంకె కేకేశావు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నీళ్ల మీది ఎండను మిలమిల అనాలా, తళతళ అనాలా అని ఆలోచిస్తున్నాను. నువ్వేమన్నావో వినలేదు. మళ్లీ అడగడానికి సిగ్గేసింది. రోజూ దిగేది రెండంగుళాలే కదా అని, ముందురోజు అంకెలోంచి రెండు తీసేసి రాశాను. ముందురోజు సాయంత్రమే తూము తలుపు ఇంకాస్త ఎత్తారని, నీళ్లు ఇంకా ఎక్కువ దిగి ఉంటాయని గుర్తే లేదు. నీ కళ్లు నిక్షేపంగా ఉన్నాయి మామయ్యా. సోమవారం పొద్దున్న మెట్లు దిగు. ఇంజనీరుగారికీ ఇప్పుడే ఉత్తరం వేశాను. వర్ణనలేమీ లేవు, మూడే వాక్యాలు. నువ్వు చెప్పిన అంకె రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. అదెంతో నాకు ఇప్పటికీ తెలీదు.