పాస్‌వర్డుల పుస్తకం

జూన్ 14, 2005. మంగళవారం

పొద్దున్నే ఫలితాలు. ఆరు కంప్యూటర్లు, వాకిలి నిండా జనం. హాల్‌టికెట్ నంబరు చెప్పండయ్యా అంటే ఒక పెద్దాయన వాళ్ళ ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టాడు. పాసయిన పిల్ల ఏడ్చింది, తప్పిన కుర్రాడు నవ్వుతూ వెళ్ళాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది.

మధ్యలో ముగ్గురికి కొత్త ఈ-మెయిళ్ళు. పాస్‌వర్డు మీరే పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి అని ప్రతివాళ్ళకీ చెబుతాను. ఎవరు వింటారు! "మీ పుస్తకంలో రాసి ఉంచండమ్మా, మా ఇంట్లో అయితే పిల్లలు చింపేస్తారండి." రాశాను. నెట్ సెంటరు తెరిచిన రోజున నాలుగు మూలలా పసుపు రాసి మొదలుపెట్టిన పొడుగు పుస్తకం. అందులో ఇప్పుడు సగం ఊరు ఉంది. ఊరెళ్తూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చినట్టు ఇచ్చిపోతారు.

గర్వంగానే ఉంటుంది. ఇక్కడ ఒప్పుకోవడానికేం.

జూన్ 15

మాస్టారు వచ్చారు. మిషన్ హైస్కూల్లో నాకు ఇంగ్లీషు నేర్పిన ఆనందరావు మాస్టారు. వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఉప్పయిపోయిందని ఢిల్లీలో కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకి ఉత్తరాలు రాస్తున్నారు, మూడు నెలలుగా. ఆ చుట్టూ రొయ్యల చెరువులు. పొలాల్లో మనుషులు లేని వేళ చూసి ఆ ఉప్పునీళ్ళు పంటకాలువలోకి వదిలేస్తున్నారట. ఊరి చెరువు నిండేది ఆ కాలువ నీళ్ళతోనే.

ఉత్తరం ఎర్రసిరాతో రాసి తెస్తారు, నేను టైపు చేసి పంపుతాను. రిటైరయినా ఆ ఎర్రపెన్ను వదలరు. నా టైపులో తప్పులు కూడా తెర మీదే వేలితో దిద్దుతారు.

ఇవాళ మొదటిసారి జవాబు. ఎవరు చూశారు, ఏ రోజున — వివరాలు పంపండి. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివించుకున్నారు.

చూసినవాడు ఉన్నాడు. ఆ రొయ్యల చెరువుల దగ్గరే ఇంజను నడిపే వీర్రాజు. ఏ రోజు, ఏ తూము, అన్నీ చెప్పాడట.

"వాడి పేరు రాయనా, వద్దా అమ్మా?"

"పేరుంటేనే నమ్ముతారు మాస్టారూ."

నేనే అన్నాను. టైపు చేశాను. పంపాను.

జూన్ 18

కరెంటు లేదు. పని లేదు. విసనకర్ర, నేను.

జూన్ 20. సోమవారం

ఎస్సై వచ్చాడు. జీపు సరిగ్గా గుమ్మానికి అడ్డంగా. కేబిన్లలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు.

మర్యాదగానే మాట్లాడాడు. మాస్టారు పంపిన పాత ఫిర్యాదులు ఢిల్లీ నుంచి తిరిగి తిరిగి జిల్లాకి, జిల్లా నుంచి వాళ్ళ స్టేషన్‌కే వచ్చాయట. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ మనుషుల చేతికే! "ఆయనకి లోపలి సంగతులు ఎవరో చెప్తున్నారండి. ఆయన ఈ-మెయిల్ ఒకసారి చూడాలి."

"కాగితం ఏమైనా ఉందాండీ?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

నవ్వాడు. "కాగితమేంటమ్మా... మీ సెంటరుకి పర్మిషన్ కాగితం ఉందా? వచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాస్తున్నారా? మీవారిది మండలాఫీసులోనే కదా పని?"

మొదటి రెంటికీ లేదనే జవాబు. మూడోది అడిగింది జవాబు కోసం కాదు.

రేపు వస్తానన్నాడు.

మా ఆయనకి చెప్పాను. "గవర్నమెంటు అడిగితే ఇవ్వాలి, నేను రోజూ చేసేదదేగా" అన్నారు, పప్పు కలుపుకుంటూ.

"అడిగింది గవర్నమెంటా, ఎస్సైయా?"

"మనకి తేడా ఏముందే. పులుసు పొయ్యి."

పోశాను.

జూన్ 21

ఇచ్చేశాను.

జూన్ 22

నిన్న ఒక్క మాట రాసి డైరీ మూసేశాను. ఇక్కడ కూడా దాచుకుంటే ఇక నాకు చోటెక్కడ... రాస్తాను.

పుస్తకం తీసి మాస్టారి పేజీ తెరిచాను. టామీ, పక్కన ఆయన రిటైరయిన సంవత్సరం. టామీ ఆయన కుక్క. అది పోయి ఇరవై ఏళ్ళు. స్కూలు వదిలేదాకా గేటు దగ్గర కూర్చునేది, నా టిఫిను గిన్నెలో అన్నం తినేది.

ఎస్సైకి కంప్యూటరు రాదు. "మీరే తెరవండి మేడమ్." తెరిచాను. ఇంగ్లీషూ అంతంతమాత్రమే. "మీరే చదివి తెలుగులో చెప్పండి." కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. చదివాను. ఉత్తరం తర్వాత ఉత్తరం, ఎక్కడా తడుముకోకుండా.

"మీ ఇంగ్లీషు భలే ఉందండీ. ఎక్కడ నేర్చుకున్నారు?"

మిషన్ స్కూల్లో అన్నాను. ఎవరు నేర్పారో చెప్పలేదు. కానీ సంతోషం వేసింది. ఛీ, నిజంగానే వేసింది! ఈ ఊళ్ళో నా ఇంగ్లీషుని మెచ్చుకున్నవాళ్ళు ఎవరున్నారు? తర్వాతి ఉత్తరం ఇంకా బాగా చదివాను. వీర్రాజు పేరున్నది అందులోనే.

ఆ లైను దాటెయ్యొచ్చు. అతనికి తెలిసేది కాదు. ఒక్క లైను. నేను టైపు చేసిందే, ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. దాటలేదు. పేరు, చేసే పని, ఏ తూము... అన్నీ చదివాను. చదివేటప్పుడు లైను మింగకూడదని మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన మాట నిజమే. నా తప్పుకి ఆయన పాఠం అడ్డం పెట్టుకోవడం కూడా తప్పే.

"అది ప్రింటు తియ్యండి." తీశాను. "ఇది మన మధ్యనే ఉండాలండోయ్." మన మధ్య! పక్కనున్న కుర్చీ తుడిచి వెనక్కి పెట్టాను, చుట్టం వచ్చి వెళ్ళినట్టు.

జూన్ 23

ఏమీ జరగలేదు. ఏమీ జరగదేమో.

జూన్ 24

ఇవాళ కూడా ఏమీ లేదు. వాన పడింది. ప్రాణం కాస్త కుదుటపడి మధ్యాహ్నం మామిడికాయ పప్పు రెండుసార్లు వడ్డించుకున్నాను.

జూన్ 25. శనివారం

వీర్రాజుని పట్టుకెళ్ళారు.

మా ఆయన ఆఫీసులో విని వచ్చి చెప్పారు. ఇంజను డీజిలు దొంగిలించాడని కేసట. డీజిలు! చెబుతున్నంతసేపూ ఆయన నా ముఖం చూడలేదు. నేనూ చూడలేదు. "పోన్లే, మన పేరు ఎక్కడా రాలేదు" అన్నారు చివర్లో. చేతిలో పళ్ళెం ఉంది, విసిరెయ్యాలనిపించింది. విసరలేదు. ఆయనమీద కోపం తెచ్చుకోవడం నాకు సుఖంగా ఉందని తెలుసు.

జూన్ 27

నాగమణి. వీర్రాజు భార్య. బస్సు దిగి తిన్నగా మా సెంటరుకే వచ్చింది, అర్జీ టైపు చేయించుకోవాలని. ఎవరో చెప్పారట, "ఆవిడ ఇంగ్లీషు బాగా రాస్తుంది" అని.

చేతిలో స్టీలు క్యారియరు. "మూడ్రోజులైందండి. అన్నం పట్టుకెళ్తే లోపలికి రానివ్వట్లేదండి. ఇది కూడా తిరిగొచ్చేసిందండి."

పోలీసు పెద్దాఫీసరుకి అర్జీ. ఆవిడ చెబుతోంది, నేను కొడుతున్నాను.

"మా ఆయన దొంగ కాదండి. నీళ్ళ సంగతి బయటపెట్టాడనే కక్షండి. మాస్టారికి తప్ప ఎవరికీ చెప్పలేదండి. ఆళ్ళకి ఎలా తెలిసిందో మాకు తెలవదండి."

ఎలా తెలిసిందో మాకు తెలియదు — ఆ వాక్యం రెండుసార్లు తప్పు కొట్టాను. పన్నెండేళ్ళ నుంచి టైపు చేస్తున్న చేతులు.

ప్రింటు వస్తుంటే మెల్లగా అడిగింది, "మాస్టారే ఎక్కడైనా నోరు జారుంటారంటారాండీ?"

"ఏమో" అన్నాను.

ఏమో! కాదు అనొచ్చు. కాదు అంటే నన్ను నేను బయటపెట్టుకున్నట్టు కూడా కాదు. అంత చిన్న మాట. అనలేదు. ఆవిడ తల ఊపింది, అర్జీ మడిచి జాకెట్లో పెట్టుకుంది, క్యారియరు తీసుకుని వెళ్ళింది. మాస్టారి మీద అనుమానం ఆవిడ తెచ్చుకున్నదే అయినా, దాన్ని గట్టిచేసి పంపింది నేను.

జూన్ 29

వదిలేశారట. కేసు లేదు, ఏమీ లేదు. కుడిచెవి వినపడటం లేదట. పనిలోంచి తీసేశారు.

జూన్ 30

కుడిచెవి.

జూలై 2. శనివారం

పుస్తకం చింపి కాలువలో కలిపేద్దామని తీశాను. అప్పుడే వరసగా ముగ్గురు. పాస్‌వర్డు మర్చిపోయామండీ, కాస్త చూసి చెప్పండి. వాళ్ళలో ఒకామె కువైట్లో ఉన్న చెల్లెలి ఉత్తరం చదివించుకోవడానికి పెనుగొండ దగ్గర్నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చూసి చెప్పాను. చదివిపెట్టాను కూడా. చెల్లెలు ఏడుస్తూ రాసిన చోట గొంతు తగ్గించాను. ఇన్నాళ్ళూ ఇదంతా నా మంచితనం అనుకున్నాను.

పుస్తకం మళ్ళీ డ్రాయరులోకే. తాళం వేశాను — ఇవాళ కొత్తగా. బయట జీపు ఆగితే ఆ తాళం తీసేది నేనే కదా.

జూలై 4

ఎస్సై ఫోను. "ఏమ్మా, బాగున్నారా? మాస్టారు పాస్‌వర్డు ఏమైనా మారిస్తే ఒక మాట చెప్పండి. మీ పర్మిషను సంగతి నేను చూసుకుంటాలెండి."

"సరేనండి" అన్నాను. అలవాటుగా వచ్చేసింది. అండి అనకుండా ఎవరికీ జవాబు చెప్పడం రాదు నాకు.

జూలై 6. బుధవారం

మాస్టారు వచ్చారు. సైకిలు మీద కాదు, నడిచి, బస్సెక్కి. మనిషి సగమయ్యారు. చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నారు. ఎర్రపెన్ను మాత్రం జేబులోనే ఉంది.

"వీర్రాజు పేరు నా నోటెంట రాలేదమ్మా. ప్రమాణం చేసి చెప్పాను, వాళ్ళ వీధిలో ఎవరూ నమ్మట్లేదు. నాగమణి నన్ను చూసి తలుపేసుకుంది. పెళ్ళికి ముందు ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది నేనే."

"మాస్టారూ..."

"ఏంటమ్మా?"

వచ్చింది గొంతు దాకా. మొత్తం వచ్చింది.

"...ఫ్యాను పెంచనాండీ?"

ఇది రాస్తుంటే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

ఎవరో తన ఈ-మెయిల్లో దూరి చదువుతున్నారని ఆయన అనుమానం. ఢిల్లీలోనో, ఇంకెక్కడో దూరాన. ఇంత దగ్గర అనుకోవడం లేదు. పాస్‌వర్డు మార్చమన్నారు. "ఈసారి నీకు తోచింది పెట్టు."

"వద్దు మాస్టారూ. మీరే కొట్టండి, నాకు చెప్పకండి. నేను అటు తిరుగుతాను."

గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో... టక్. టక్. వినకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. తొమ్మిది. అయినా తేలిగ్గా అనిపించింది. ఎస్సైతో తెలియదండి అంటే అది నిజమే అవుతుంది. చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశాననుకున్నాను.

తిరిగి చూస్తే ఆయన ఎర్రపెన్నుతో చీటీ రాస్తున్నారు. నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టారు.

"వయసైపోయిందమ్మా, మర్చిపోతాను. నీ పుస్తకంలో రాసుకో."

"వద్దండీ. ఎవరి దగ్గరా ఉండకూడదు అది."

"నీ దగ్గర ఉంటే నాకు భయమేంటి?"

వెళ్ళిపోయారు. మెట్లు దిగుతుంటే గుండీ సంగతి గుర్తొచ్చింది. అదైనా చెప్పలేకపోయాను.

జూలై 7

చీటీ ఈ డైరీలోనే పెట్టాను. విప్పలేదు. ఎర్రసిరా వెనక్కి దిగి ఒక అక్షరం తిరగబడి కనిపిస్తోంది. కళ్ళు అక్కడికే పోతున్నాయి.

సాయంత్రం ఫోను. "ఆయన నిన్న వచ్చారంట కదా. మార్చారా?"

"తెలియదండి."

"రేపు పదింటికి నేనే వస్తానమ్మా" అన్నాడు.

మా ఆయనకి చెప్పలేదు.

జూలై 8. శుక్రవారం

సెంటర్లో కూర్చునే రాస్తున్నాను. డైరీ ఎప్పుడూ ఇక్కడికి తేలేదు. ఇవాళ తెచ్చాను.

పొద్దున్న పాలు కాస్తూ చీటీని విప్పకుండానే పొయ్యి మంటలో పెట్టాను. అంటుకున్నాక కూడా చదవాలనిపించింది, కళ్ళు మూసుకున్నాను. కాలిపోయింది. పాలు పొంగాయి, తుడిచాను. ఎస్సై ఎన్ని ప్రశ్నలు వేసినా ఇక నా దగ్గర ఏమీ లేదు. ఈ ధైర్యం పదిహేడు రోజుల కిందట ఉంటే వీర్రాజుకి చెవి ఉండేది. ఇవాళ దీనివల్ల అతనికి ఒరిగేది ఏమీ లేదు.

తొమ్మిదిన్నర. తలుపు తోసుకుని మాస్టారు. ఇవాళ వస్తారని అనుకోనేలేదు. తెల్లవార్లూ కూర్చుని కొత్త ఉత్తరం రాశారట, రెండు పేజీలు. ఈసారి ఎవరి పేరూ లేదు, తన పేరొక్కటే. మూడో నంబరు కేబిన్లో కూర్చున్నారు. రెండుసార్లు ప్రయత్నించారు. తెర ఒప్పుకోలేదు.

"చెప్పానా, మర్చిపోతానని! ఆ చీటీ కాస్త చూడమ్మా."

ఒక్క నిమిషం మాస్టారూ అన్నాను. డ్రాయరు తీశాను. పుస్తకం తీశాను. ఆయన పేజీలో టామీ తప్ప ఏమీ లేదని తెలిసే పేజీలు తిప్పుతున్నాను, మధ్యలో ఇది రాస్తున్నాను. కాల్చేశానని చెప్పాలి. ఎందుకు కాల్చావమ్మా అంటారు. దానికి జవాబు ఒక్కటే ఉంది, అది జూన్ 21న మొదలవుతుంది.

గోడ గడియారంలో పదికి ఏడు నిమిషాలు. కాలువ వంతెన మీద జీపు హారను.

మాస్టారు కుర్చీ ఇటు తిప్పారు. కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు, క్లాసులో జవాబు కోసం చూసినట్టే.

"దొరికిందా అమ్మా?"